‘పాలు గుంజుతలేదు’ అన్న మాటను విప్పి చూస్తే

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ప్రభుత్వ ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూ (జబ్బుపడిన, నెలలు నిండని పసికందులను చూసే ప్రత్యేక విభాగం) తలుపు బయట కాసేపు కూర్చుంటే ఒక మాట మళ్లీ మళ్లీ చెవిన పడుతుంది: ‘పాలు గుంజుతలేదు సిస్టర్’. అనేది తల్లి కావచ్చు. ఎక్కువసార్లు అమ్మమ్మే. లోపల వార్మర్ మీద, అంటే ఒంటిని వెచ్చగా ఉంచే మంచం మీద, పడుకున్న పిల్ల కిలోన్నర కూడా తూగదు. సిస్టర్ కేసు షీటు తిరగేసి ‘పొద్దున 20 ఎంఎల్ పోయినయ్ కదమ్మా’ అంటుంది. ఇద్దరి మాటా నిజమే. పిల్ల కడుపులోకి 20 మిల్లీలీటర్లు వెళ్లాయి, కాకపోతే ట్యూబు గుండా వెళ్లాయి. పిల్ల గుంజలేదు, అదీ నిజమే.

నెలలు నిండని బిడ్డల విషయంలో అసలు తికమక ఇక్కడే మొదలవుతుంది. ఎన్ని పాలు వెళ్లాయన్నది ఒక ప్రశ్న, ఎలా తాగిందన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి మామూలుగా కేసు షీటులో ఒక గడి ఉంటుంది. రెండోదానికి సిస్టర్ కళ్లే గడి. ట్యూబు తీసి చెంచా మొదలుపెట్టాలా, చెంచా ఆపి రొమ్ముకు వేయాలా, ఇంటికి పంపాలా అన్నవన్నీ ఆ రెండో ప్రశ్నకు దొరికే జవాబు మీదే నడవాలి. ఎక్కువ చోట్ల నడిచేది మొదటిదాని మీద.

37 వారాలు నిండకముందే జరిగితే దాన్ని నెలలు నిండని కాన్పు అంటారు. 2020లో ప్రపంచమంతా కలిపి 1.34 కోట్ల మంది పిల్లలు ఇలా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అందులో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే. ఊళ్లలో మాత్రం లెక్క వారాల్లో ఉండదు, నెలల్లో ఉంటుంది. ‘ఏడో నెల పిల్ల బతుకుతది, ఎనిమిదో నెల పిల్ల బతకది’ అన్న పాత మాట ఇప్పటికీ వినపడుతుంది. పాలు తాగే విద్య దగ్గరికొస్తే ఆ మాట పూర్తిగా తలకిందులు. కడుపులో ఒక్కో వారం ఎక్కువ గడిచేకొద్దీ నోటికీ గొంతుకూ ఊపిరికీ మధ్య పొత్తు మెరుగవుతుంది.

ఆ పొత్తు కుదిరే క్రమం ఇలా ఉంటుంది. కడుపులో పిండం 12-14 వారాలకే ఉమ్మనీరు మింగడం మొదలుపెడుతుంది. 28 వారాల ప్రాంతంలో నోట్లో వేలు పెడితే చీకే కదలికలు కనిపిస్తాయి, కానీ తెగి తెగి ఉంటాయి. 32 దాటాక వాటికి ఒక వరస వస్తుంది. 34 అటూ ఇటూగా చీకడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదాన్నొకటి తోసుకోకుండా సాగడం మొదలై, 36-37కు గట్టిపడతాయి. మన దేశంలో నవజాత శిశు విభాగాలకు ఇచ్చిన మార్గదర్శకాలు ఈ క్రమాన్నే పట్టికగా మార్చాయి: 28 వారాల లోపు సెలైన్, 28-31 మధ్య ట్యూబు, 32-34 మధ్య చెంచా లేదా ఉగ్గుగిన్నె, 34 దాటితే రొమ్ము. ఇక్కడ వారాలంటే పుట్టిన తేదీ నుంచి కాదు, తల్లి చివరి నెలసరి నుంచి. 30 వారాలకు పుట్టి మూడు వారాలు గడిచిన పిల్ల పాల లెక్కలో 33 వారాల పిల్ల. ఈ కూడిక తల్లికి ఒక్కసారి విడమరిచి చెబితే ‘నెల కావస్తుంది, ఇంకా రొమ్ము పట్టదేంది’ అన్న దిగులు సగం తగ్గుతుంది.

పట్టిక మంచిదే. కానీ పిల్లలు పట్టిక చూసి పెరగరు. స్వీడన్‌లో కెర్‌స్టిన్ హెడ్‌బర్గ్ నైక్విస్ట్ బృందం 71 మంది నెలలు నిండని పిల్లలు రొమ్ము దగ్గర ఏం చేస్తున్నారో రోజూ గమనించి 1999లో వివరాలు ప్రచురించింది. కొందరు 28 వారాలకే రొమ్ము వైపు నోరు తిప్పి పట్టుకున్నారు. 57 మంది పూర్తిగా రొమ్ముపాల మీదికి వచ్చారు. సగటున అది 36 వారాలకు జరిగింది. అయితే తొందరగా వచ్చినవాళ్లు 33 దాటగానే వచ్చారు, ఆలస్యమైనవాళ్లకు 40 పట్టింది. అంటే ఒకే వారంలో ఉన్న ఇద్దరు పిల్లల నేర్పులో భూమ్యాకాశాల తేడా ఉండొచ్చు. పక్క మంచం పిల్లతో పోల్చి ఏడ్చే తల్లికి చెప్పాల్సింది ఇదే.

ఇక గుంజడం సంగతి. చీకడం అనేది ఒక పని కాదు, రెండు. నాలుకతో, చిగుళ్లతో చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని నొక్కి పాలు పిండుకోవడం ఒకటి. పెదవులు బిగించి, నోట్లో గాలి పలచన చేసి పాలను లాగడం రెండోది. నెలలు నిండని పిల్లలకు నొక్కడం ముందు వస్తుంది, లాగడం ఆలస్యంగా వస్తుంది. చెంపల్లో ఉండాల్సిన కొవ్వు ఇంకా పట్టదు కాబట్టి లాగబోతే చెంపలే లోపలికి పోతాయి తప్ప పాలు రావు. తెలంగాణ అమ్మమ్మలు ‘గుంజుతలేదు’ అంటున్నది ఈ రెండో పనినే. కేసు షీటులో రాసే ‘పూర్ సకింగ్’ కన్నా ఆ మాటే గురి తప్పకుండా ఉంది.

వట్టి వేలిని చీకేటప్పుడు పిల్ల సెకనుకు రెండుసార్లు చీకుతుంది. పాలు వస్తుంటే వేగం సెకనుకు ఒకటికి పడిపోతుంది. బోరింగు కొట్టినవాళ్లకు ఇది వింతేం కాదు. నీళ్లెక్కని బోరింగును టకటకా కొట్టొచ్చు, నీళ్లెక్కాక ప్రతి దెబ్బా బరువే. పాలు నోట్లోకి వచ్చాక మింగాలి. మింగేటప్పుడు గాలిదారి మూసుకోవాలి, అంటే ఆ క్షణం ఊపిరి ఆగాలి. అందుకే వేలును చక్కగా చీకిన పిల్ల పాలు కూడా అంతే చక్కగా తాగుతుందన్న హామీ లేదు.

నెలలు నిండి పుట్టిన పిల్ల పది నుంచి ముప్పై వరకు చీకుడులు వరసగా చీకుతూనే మధ్యలో ఊపిరి తీసుకుంటుంది. తొందరగా పుట్టిన పిల్ల మూడు నుంచి ఐదు చీకి ఆగిపోతుంది, ఆ ఆగిన వేళలో ఊపిరి తీసుకుంటుంది. ఆ విరామం బద్ధకం కాదు, ఆ వయసుకు అది ఎంతో తెలివైన పద్ధతి. మన వార్డుల్లో ఎక్కువ పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. పిల్ల ఆగగానే అరికాలు గీకడం, చెవి నులమడం, గదవ పట్టి ఊపడం, ఉగ్గుగిన్నె ఇంకాస్త వంచడం. ఊపిరి కోసం ఆగిన పిల్ల నోట్లో అప్పుడే పాలు పడతాయి, పొలమారుతుంది. నిజంగా భయపడాల్సింది అస్సలు ఆగని పిల్లను చూసి. గుటక మీద గుటక వేస్తూ ఊపిరి మరిచిపోతుంది, పెదవుల చుట్టూ నీలం కమ్ముతుంది, మానిటర్ మీద గుండె వేగం జారుతుంది. ‘మస్తు తాగుతుంది’ అని మురిసిపోయే లోపే మోత మొదలవుతుంది.

అంచనా పాలు పట్టకముందే మొదలవ్వాలి. పిల్ల మెలకువగా ఉందా, చేయి నోటి దగ్గరికి తెచ్చుకుంటోందా, చెంప తాకితే ఆ వైపు నోరు తిప్పుతోందా అన్నవి ముందు చూస్తారు. నిమిషానికి ఎన్ని ఊపిర్లో పూర్తి నిమిషం లెక్కపెడతారు. 60 దాటి ఎగపోస్తుంటే నోటి పాల జోలికి పోకపోవడమే మంచిది. అంత వేగంగా ఊపిరి తీసే పిల్లకు మింగడానికి సందు దొరకదు. తర్వాత సబ్బుతో కడిగి గ్లవ్ తొడిగిన చిటికెన వేలిని, మెత్తటి వైపు అంగిలికి ఆనేలా నోట్లో పెడతారు. నాలుక వేలి చుట్టూ మోదుగాకు దొప్పలా ఒంపు తిరగాలి. ముందు నుంచి వెనక్కి అల కదిలినట్టు కదలాలి. వేలు బయటకు తీయబోతే పిల్ల దాన్ని కాస్త పట్టి ఆపాలి. నాలుక బల్లపరుపుగా ఉండటం, గదవ వణకడం, పట్టు లేకపోవడం అన్నవి వేలికే తెలుస్తాయి. అంగిలి చీలికను కనిపెట్టడానికి వేలితో పాటు టార్చి కూడా కావాలి, వెనకున్న మెత్తటి అంగిలి చీలిక వేలికి అందకపోవచ్చు. ఇదంతా రెండు నిమిషాల పని.

పాలు పట్టేటప్పుడు చూపు నోటి మీద కన్నా ముఖమంతటి మీద ఉండాలి. కనుబొమ్మలు పైకి లేవడం, ముక్కుపుటాలు ఎగరడం, చేతివేళ్లు విచ్చుకోవడం, పెదవి మూల నుంచి పాలు కారిపోవడం, ఇవన్నీ ‘చాలు, కాసేపు ఆపు’ అని పిల్ల చెప్పే మాటలు. పాలు కారితే నష్టపోయామని తుడిచి మళ్లీ పోస్తారు గానీ, చాలాసార్లు పిల్ల తన గొంతును తానే కాపాడుకుంటూ వదిలేసిన పాలవి. మెడ మీద చిన్న స్టెతస్కోపు ఆనిస్తే గుటక శబ్దం, దాని వెనకే ఊపిరి శబ్దం వినిపించాలి. గుటక తర్వాత గరగర వినిపిస్తే పాలు దారి తప్పుతున్నాయేమోనని అనుమానించాలి.

ఈ చూపుకు లెక్కలు కట్టిన కొలబద్దలు చాలా ఉన్నాయి. అమెరికాలో తయారైన నోమాస్ గదవ, నాలుక కదలికలను బట్టి పిల్లల్ని మూడు రకాలుగా విడదీస్తుంది: బాగా చీకేవాళ్లు, వరస కుదరనివాళ్లు, తీరే తప్పినవాళ్లు. ఈ రెండో, మూడో రకాల మధ్య తేడా చాలా ముఖ్యం. వరస కుదరనిది వారాలతో కుదురుతుంది. తీరే తప్పినదానికి నరాల సంగతి కూడా చూడాలి. బ్రెజిల్ నుంచి వచ్చిన పొఫ్రాస్ నోటి పాలకు పిల్ల సిద్ధమా కాదా అన్నది 36 మార్కులకు తూస్తుంది. స్వీడన్‌వాళ్ల పిబ్స్ రొమ్ము దగ్గర పిల్ల తీరును గమనించడానికి పుట్టింది. మన తల్లులకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది అదే.

వీటిలో కాస్త ఆగి చూడదగ్గది పరిశోధకురాలు శాంటల్ లౌ పద్ధతి. రెండే రెండు లెక్కలు. పట్టాల్సిన పాలలో మొదటి ఐదు నిమిషాల్లో ఎంత శాతం తాగింది? మొత్తం మీద నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు తాగింది? మొదటిదానికి దాటాల్సిన గీత 30 శాతం, రెండోదానికి నిమిషానికి 1.5 మిల్లీలీటర్లు. ఇద్దరు పిల్లలకు చెరో 30 మిల్లీలీటర్లు రాశారనుకుందాం. ఇద్దరూ 20 నిమిషాల్లో 20 తాగి ఆగిపోయారు, అంటే నిమిషానికి ఒకటే, ఇద్దరూ రెండో గీతకు కిందే. కేసు షీటులో ఇద్దరూ ఒక్కటే. ఒక పిల్ల మొదటి ఐదు నిమిషాల్లోనే 12 తాగింది, అంటే 40 శాతం. విద్య వచ్చు, ఒంట్లో ఓపిక చాలలేదు. రెండో పిల్ల ఆ ఐదు నిమిషాల్లో తాగింది 6, అంటే 20 శాతం. అలుపు రాకముందే వెనకబడిందంటే ఆ పిల్లకు విద్యే ఇంకా రాలేదు. మొదటి పిల్లను అలిసిపోకముందే ఆపి, మిగతాది ట్యూబులో పోసి పడుకోబెడితే చాలు. రెండో పిల్లకు వేలి మీద, పాలు పిండేసిన రొమ్ము మీద చీకడం అలవాటు చేయాలి. అదే 20 మిల్లీలీటర్లు, రెండు వేరు వైద్యాలు.

అయితే ఈ పద్ధతి పాలసీసాతో తాగే పిల్లల మీద కట్టింది. మన ఎస్‌ఎన్‌సీయూల్లో సీసా ఉండదు, ఉండకూడదు కూడా. 1992లో వచ్చిన చట్టం డబ్బా పాలతో పాటు పాలసీసాల ప్రచారాన్నీ నిషేధించింది. ఇక్కడ వాడేది చెంచా, ఉగ్గుగిన్నె. ఆసుపత్రుల్లో పలాడై అని తమిళ పేరుతో పిలిచేది మన ఉగ్గుగిన్నెకు తోబుట్టువే. సీసా కోసం గీసిన గీతలను తెచ్చి ఉగ్గుగిన్నె మీద పెడితే అర్థం మారిపోతుంది. ఉగ్గుగిన్నెతో పిల్ల గుంజదు, పెదవి దగ్గరికి వచ్చిన పాలను నాలుకతో అందుకుని మింగుతుంది. అంటే అది మింగడానికి పరీక్ష అవుతుంది తప్ప చీకడానికి కాదు. ‘ఉగ్గుగిన్నెతో 30 ఎంఎల్ పూర్తిగా తాగుతుంది’ అని రాసుకుని మర్నాడే రొమ్ముకు వదిలేస్తే, మూడో రోజు కాటా మీద బరువు తగ్గి కనిపించడం ఇందుకే.

ఉగ్గుగిన్నె పట్టడంలో ఇంటి అలవాటు ఒకటి అడ్డు తగులుతుంది. కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గూ ఆముదమూ పోసిన చేతులవి. నెలలు నిండని పిల్లకు ఆ పడక పనికిరాదు. తల, మెడ, వీపు ఒకే వరసలో నిలిపి దాదాపు కూర్చోబెట్టినట్టు పట్టుకోవాలి. గిన్నె ముక్కును కింది పెదవి మూలన ఆనించి, పాలు పెదవికి తగిలేదాకా మాత్రమే వంచాలి. అక్కడ ఆగాలి. పిల్ల నాలుక బయటికి వచ్చి అందుకుంటే ఆ గుటక పూర్తయ్యేదాకా చూసి మళ్లీ వంచాలి. పోయకూడదు, అందించాలి. 1,500 గ్రాముల పిల్లకు కిలోకు 160 మిల్లీలీటర్ల లెక్కన రోజుకు 240, రెండు గంటలకోసారి పట్టితే విడతకు 20. ఆ 20కి అరగంట దాటుతుంటే పిల్ల శక్తి తాగడానికే ఖర్చవుతోందన్న మాట. ఆముదం, వస, చక్కెర నీళ్లు ఈ పిల్లల నోటి దగ్గరికి రానే కూడదు.

రొమ్ము మీద ఎన్ని పాలు తాగిందో తెలుసుకోవడానికి పట్టకముందూ పట్టాకా అవే బట్టలతో తూచి చూడటం ఒక మార్గం. గ్రాము పెరిగితే మిల్లీలీటరు తాగినట్టు. ఇందులో ఒక మెలిక ఉంది. పది గ్రాముల మెట్లతో చూపే కాటా మీద 15 మిల్లీలీటర్లు తాగిన పిల్ల 10 తాగినట్టూ కనిపించొచ్చు, 20 తాగినట్టూ కనిపించొచ్చు. ఒకటి రెండు గ్రాముల తేడా పట్టే కాటా లేనప్పుడు ఆ అంకెను నమ్మి ట్యూబు పాలు తగ్గించడం కన్నా, రోజువారీ బరువునూ ఆరు నుంచి ఎనిమిదిసార్లు తడిసే గుడ్డలనూ నమ్మడం మేలు.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. చిన్న పిల్లల డాక్టర్లు దగ్గరయ్యారు. కానీ పాలు తాగే తీరును గంటల తరబడి గమనించే పని డాక్టరుది కాదు, ఒక్కో సిస్టర్ చేతిలో ఎందరో పిల్లలుంటారు కాబట్టి పూర్తిగా ఆమెదీ కాలేదు. ఆ తీరిక ఉన్న మనిషి ఒక్కరే, కంగారూ పద్ధతిలో పిల్లను ఎదకు కట్టుకుని కూర్చున్న తల్లి. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చినా, అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంట (గూడెం) నుంచి వచ్చినా ‘ఎన్నిసార్లు చీకి ఆగింది, ఆగినప్పుడు ఊపిరి తీసిందా’ అని లెక్కపెట్టడం ఆమెకు గంటలో వస్తుంది. ఇప్పుడు ఆమెను అడుగుతున్నది ‘పాలు పట్టినవా’ అని మాత్రమే. అవునో కాదో చెప్పే ప్రశ్నకు అంతకు మించిన జవాబు రాదు.

ఎస్‌ఎన్‌సీయూ గడప తొక్కని పిల్లల సంగతి ఇంకా మెలికగా ఉంటుంది. 34-36 వారాల మధ్య పుట్టి, రెండు కిలోలకు పైగా తూగి, తల్లి పక్కనే పడుకునే పిల్లలు వీళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ముహూర్తం చూసుకుని పెట్టించుకునే ఆపరేషన్లూ మనకు కొత్త కాదు. తేదీ లెక్క వారం అటూ ఇటూ అయిందంటే నెలలు నిండాయనుకున్న పిల్ల నిండకుండానే పుడుతుంది. చూడటానికి బంగారంలా ఉంటుంది, ఏడవదు, నిద్ర లేవదు. ‘మస్తు బుద్ధిమంతురాలు, పండుకుంటె లేవనే లేవది’ అని ఇంట్లో మెచ్చుకుంటారు. నాలుగు చీకుడులకే నిద్రపోయే ఆ బుద్ధిమంతురాలు మూడు నాలుగు రోజులకు పసుపెక్కి, బరువు తగ్గి, ఆసుపత్రికి తిరిగొస్తుంది. ఈ పిల్లల్ని ఏడుపు కోసం ఎదురుచూడకుండా రెండు మూడు గంటలకోసారి లేపి పట్టాలి. మొదటి రెండు రోజుల్లో కనీసం ఒక్క విడతైనా ఎవరో ఒకరు పక్కన కూర్చుని చివరిదాకా చూడాలి.

ఇంటికి పంపాక ఆశా కార్యకర్త, పుట్టిన నాటి నుంచి 3, 7, 14, 21, 28, 42 రోజుల లెక్కన ఇంటికి వస్తుంది. ఆసుపత్రిలో గడిచిన రోజుల వల్ల ఈ పిల్లలకు కొన్ని సందర్శనలు తప్పిపోతాయి, మిగిలినవాటికి విలువ పెరుగుతుంది. వచ్చినప్పుడు పిల్లను తూచి వెళ్లడం కన్నా, ఒక విడత పాలు తాగుతుండగా చూసి వెళ్లడం ఎక్కువ చెబుతుంది. ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఒక్కటే ఉంది. మొదటి నుంచీ నెమ్మదిగా తాగుతూ రోజు రోజుకూ మెరుగవుతున్న పిల్ల వేరు, నిన్నటిదాకా గుంజి ఇవాళ గుంజని పిల్ల వేరు. రెండోది నేర్పు తక్కువై కాదు. రక్తంలో ఇన్ఫెక్షన్, ఒళ్లు చల్లబడటం, చక్కెర పడిపోవడం, కామెర్లు, వీటిలో ఏదో ఒకటి మొదలై ఉండొచ్చు. ఆ పిల్లకు రాత్రంతా చెంచాతో ప్రయత్నించి తెల్లారాక చూద్దామనుకోకూడదు. అచ్చంపేట అవతల నుంచైనా సరే అప్పుడే 108కు ఫోన్ చేయాలి. బండిలో పిల్లను బట్టల్లో చుట్టి సీటు మీద పడుకోబెట్టకుండా తల్లి ఎద మీద చర్మానికి చర్మం తగిలేలా కట్టుకుని, టోపీ పెట్టి తీసుకురావాలి. దారిలో నోట్లో ఏమీ పోయకూడదు.